డబ్బా సొంతం, నేల పరాయిది

వేల్స్ తీరాన వానలో గడిపే కారవాన్ సెలవు బ్రిటన్ సామాన్య కుటుంబాలకు తరాల అలవాటు. కానీ ఆ సుఖం కాగితాల మీద ఎంత బలహీనమైనదో అర్థమయ్యేసరికి చాలామందికి చేతిలో డబ్బు మిగలడం లేదు.

ఆగస్టు నెల, మధ్యాహ్నం రెండు గంటలు, ఉష్ణోగ్రత 17 డిగ్రీలు. పడమటి వేల్స్‌లోని కార్డిగన్ బే ఒడ్డున వరుసగా నిలబెట్టిన వందలాది కారవాన్ల పైకప్పుల మీద వాన ఒకే లయలో కురుస్తూంటుంది. లోపల గ్యాస్ హీటర్ వెలుగుతుంటుంది. అద్దాల మీద ఆవిరి. అమ్మమ్మ మనవళ్లతో పేకాడుతుంటే తండ్రి అరగంటకోసారి కిటికీ తుడిచి సముద్రం వైపు చూస్తాడు. వాన తగ్గితే బీచ్‌కు వెళ్లాలి. తగ్గకపోయినా రెయిన్‌కోట్లు వేసుకుని బీచ్‌కే వెళతారు. ఇంతదూరం వచ్చింది అందుకే కదా!

తెలుగువారికి కారవాన్ అనగానే షూటింగ్ స్పాట్‌లో హీరో విశ్రాంతి తీసుకునే ఏసీ వాహనమే గుర్తొస్తుంది. వేల్స్ తీరాన కనిపించేది అది కాదు. కారు వెనక తగిలించుకుని ఊరూరా తిప్పే చిన్న బండ్లూ ఉంటాయి గానీ, ఈ తీరాన్ని నింపేసినవి ‘స్టాటిక్’ కారవాన్లు. సుమారు 35 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, రెండు పడకగదులు, వంటిల్లు, బాత్‌రూమ్. అడుగున చక్రాలుంటాయి గానీ ఒకసారి పార్కులో దించాక అవి కదలడం అరుదు. అయినా చట్టం దృష్టిలో అది ఇల్లు కాదు. లారీ ఎక్కించి మరో చోటికి తరలించగలిగేది ఏదైనా కారవానే. 1960, 1968 చట్టాల ప్రకారం, తర్వాత సవరించిన కొలతలతో, 20 మీటర్ల పొడవు, 6.8 మీటర్ల వెడల్పు దాకా ఈ నిర్వచనంలో ఇమిడిపోతుంది. కథంతా ఈ నిర్వచనంలోనే ఉంది.

వాన సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. కార్డిగన్ బే తీరంలో ఏడాదికి కురిసేది వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూ. విశాఖపట్నంలో కురిసేదీ దాదాపు అంతే. తేడా అంతా కురిసే తీరులోనే. మన దగ్గర నాలుగు నెలల్లో కుమ్మరించేదాన్ని అక్కడి ఆకాశం పన్నెండు నెలలకూ పంచుతుంది. అట్లాంటిక్ మీదుగా వచ్చే తడిగాలి తీరాన్ని కాస్త తడిపి, వెనకున్న ఎరీరి కొండలను తగిలి అసలు భారం దించుకుంటుంది. స్నోడన్ శిఖరం మీద ఏటా 3,000 మి.మీ.కు పైగా పడుతుంది. ఉదయం ఎండ, పదింటికి జల్లు, మధ్యాహ్నం పొగమంచు, సాయంత్రం మళ్లీ ఎండ. ఒకే రోజులో ఇన్ని చూడటం అక్కడ మామూలే. ఇలాంటి చోట గుడారం వేసుకున్నవాడు మూడో రోజుకు ఇంటిదారి పడతాడు. రేకు డబ్బాలో ఉన్నవాడు వారమంతా ఉంటాడు.

సరదా కోసం కట్టించుకున్న తొలి కారవాన్‌గా చెప్పేది 1885 నాటిది. నౌకాదళంలో సర్జన్‌గా పనిచేసి, పిల్లల సాహస కథలు రాసిన గోర్డన్ స్టేబుల్స్ బ్రిస్టల్‌లో దాన్ని చేయించుకుని, రెండు గుర్రాలు పూన్చి దేశం తిరిగాడు. వెంట సేవకుడు, బండివాడు కూడా ఉండేవారు. అంటే మొదట ఇది తీరిక ఉన్న పెద్దమనుషుల వేడుక. 1907లో వాళ్లకో క్లబ్బు కూడా ఏర్పడింది. దాన్ని శ్రామికుల దాకా తెచ్చింది 1938 నాటి వేతన సెలవుల చట్టం. ఏడాదికో వారం పని మానినా జీతం వస్తుందనే భరోసా లక్షల కుటుంబాలకు మొదటిసారి దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అవి సముద్రం వైపు కదిలాయి. దక్షిణ వేల్స్ బొగ్గు గనులన్నీ జులై చివర, ఆగస్టు మొదట్లో రెండు వారాలు ఒకేసారి మూతపడేవి. లోయల్లోని ఊళ్లకు ఊళ్లే పోర్త్‌కాల్ పట్టణంలోని ట్రెకో బే కారవాన్ పార్కుకు తరలేవి. ఇంటి దగ్గరి పొరుగువాళ్లే అక్కడా పొరుగువాళ్లు. మాంచెస్టర్, లివర్‌పూల్ వాళ్లకు ఉత్తర తీరంలోని రిల్, టౌవిన్. బర్మింగ్‌హామ్ వాళ్లకు బార్మత్. పాత బస్సులు, రైలు పెట్టెలు కూడా ఇసుక దిబ్బల మీదికి చేరి కాపురాలయ్యాయి. ఈ గందరగోళాన్ని అదుపు చేయడానికే 1960లో పార్కులకు లైసెన్సు తప్పనిసరి చేశారు.

తర్వాత చవక విమానాలు వచ్చి జనాన్ని స్పెయిన్ ఎండల్లోకి ఎగరేసుకుపోయాయి. బ్రిటిష్ సముద్రతీర పట్టణాలు వెలవెలబోయాయి. రిల్‌లో ఓషన్ బీచ్ వినోద పార్కు 2007లో మూతపడింది. పక్కనే ప్రెస్టాటిన్‌లోని పాంటిన్స్ హాలిడే క్యాంపు 2023 చివర్లో తలుపులు మూసింది. కారవాన్లు మాత్రం చెక్కు చెదరలేదు. కారణం సులువు. హోటల్‌లో నలుగురికి మూడు పూటలా అయ్యే ఖర్చు ఇక్కడ ఉండదు. సొంత వంట, సొంత పక్క, కుక్కను తెచ్చుకునే వీలు. 2020లో కోవిడ్ విమానాలను ఆపేశాక, విదేశాలకు అలవాటుపడ్డవాళ్లు కూడా వెనక్కి చూశారు. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలకూ ఇది అనువైన సెలవే. వంటిల్లు చేతిలో ఉంటే పులిహోరకు, ఆవకాయ అన్నానికి ఎవరినీ అడగక్కర్లేదు.

ఒక వారం అద్దెకు తీసుకుంటే ఏ చిక్కూ లేదు. చిక్కంతా కొనాలనిపించినప్పుడే. పార్కు ఆఫీసు ముందు కొత్త మోడళ్లు మెరుస్తుంటాయి. రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన జంట, మనవళ్లకు ఏటా సముద్రం చూపించాలనే కోరికతో సంతకం చేస్తుంది. కొత్త స్టాటిక్ కారవాన్ ధర పదుల వేల పౌండ్లలో ఉంటుంది. వాళ్లకు దక్కేది డబ్బా మాత్రమే. అది నిలబడ్డ నేల పార్కు యజమానిది. దానికి ‘పిచ్ ఫీజు’ పేరుతో ఏటా వేల పౌండ్లు కట్టాలి. కారవాన్‌లో ఎవరూ ఉండని నెలలకు కూడా అదే ఫీజు. ఫీజు పెరగడం మామూలే, తగ్గడం అరుదు. గ్యాస్, కరెంటు, బీమా అదనం.

ఒప్పందంలో తర్వాత బయటపడే షరతు మరొకటి ఉంది. చాలా పార్కులు కారవాన్‌కు వయసు పరిమితి పెడతాయి. పది, పదిహేను, ఇరవై ఏళ్లు నిండాక దాన్ని తొలగించి కొత్తది కొనాలి, లేదా స్థలం వదులుకోవాలి. మరో పార్కుకు తీసుకుపోదామంటే, బయట కొన్న కారవాన్లను రానివ్వని పార్కులే ఎక్కువ. అమ్ముకుందామంటే పార్కుకు 15 శాతం దాకా కమిషన్. పార్కులో స్థలం ఉన్నంత కాలమే దానికి విలువ. స్థలం పోతే అది పాత రేకు సామాను. ఉదాహరణకు, 40 వేల పౌండ్లు పెట్టి కొన్న కుటుంబం పదేళ్లు ఏటా 5 వేల చొప్పున ఫీజు కట్టిందనుకుందాం. మొత్తం 90 వేలు. పౌండు విలువ నూరు రూపాయలు దాటి చాలా కాలమైంది కాబట్టి, మన లెక్కలో కోటికి చేరువ. చివరికి పార్కే దాన్ని రెండు మూడు వేలకు తిరిగి కొంటానంటే కాదనే దారి పెద్దగా ఉండదు.

పార్క్ హోముల్లో శాశ్వతంగా నివసించేవారికి 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం రక్షణ ఇస్తుంది. వేల్స్ తన సొంత చట్టంతో 2014 నుంచి దాన్ని మరింత బిగించింది. కానీ సెలవుల కారవాన్లు ఈ రెంటికీ బయటే. అక్కడ ఉన్నది ఒప్పందపత్రం, దానికి తోడు మామూలు వినియోగదారుల చట్టం. అది శాశ్వత నివాసం కాకూడదన్నది కూడా నిబంధనే. కొనేవారు వేరే చోట ఇల్లున్నట్టు చూపాలి. ఇల్లు అమ్మేసి కారవాన్‌కు మారిన వృద్ధులకు ఆ నిబంధనే మెడకు చుట్టుకుంటుంది. పార్కుల వైపునా వాదన లేకపోలేదు. తుప్పు పట్టిన పాత డబ్బాలు వరుసల్లో మిగిలితే కొత్తవారు రారని, రోడ్లు, నీరు, కాపలా ఖర్చులు ఎవరు భరిస్తారని వాళ్లు అడుగుతారు. నిజమే. కానీ వయసు పరిమితిని కొనేరోజే పెద్ద అక్షరాల్లో చూపించడానికి ఖర్చేమీ లేదు.

ప్రభుత్వాలకు ఈ వర్గం గుర్తొచ్చేది పన్ను వేసేటప్పుడే. 2012 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ స్టాటిక్ కారవాన్లపై 20 శాతం వ్యాట్ ప్రతిపాదించారు. వాటిని ఎక్కువగా తయారుచేసేది ఇంగ్లండ్ తూర్పున హల్ నగరం చుట్టుపక్కల. ఉద్యోగాలు పోతాయన్న గొడవకు సొంత పక్షం ఎంపీలు కూడా గొంతు కలపడంతో రెండు నెలల్లోనే దాన్ని 5 శాతానికి దించారు. కొనేవాడి కోసం కాదు, తయారుచేసేవాడి కోసం.

వేల్స్ రాజకీయాల్లో కారవాన్ స్థానం ఇంకా విచిత్రం. ఇంగ్లిష్ డబ్బు వచ్చి ఊళ్లలోని ఇళ్లు కొనేస్తోందని, స్థానిక యువతకు గూడు లేదని అక్కడ దశాబ్దాల ఆగ్రహం ఉంది. 1979 నుంచి పదేళ్లకు పైగా రెండొందలకు మించిన సెలవుల ఇళ్లను తగలబెట్టారు. 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇంటిపై కౌన్సిల్ పన్నును 300 శాతం దాకా అదనంగా పెంచే అధికారం స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చారు. మూడింట రెండు వంతుల మంది వెల్ష్ మాట్లాడే గ్వినెత్ కౌంటీ 150 శాతం అదనం వేసింది. పార్కుల్లోని కారవాన్‌కు ఈ పోటు లేదు. అది ఎవరి ఇల్లూ లాక్కోదు. ఆగస్టులో దుకాణాల్లో ఇంగ్లిష్ తప్ప మరొకటి వినిపించకపోవడం మీద ఫిర్యాదు మాత్రం మిగిలే ఉంది.

వీటన్నింటి కంటే పెద్ద యజమాని సముద్రం. 1990 ఫిబ్రవరి 26న తుపాను అలలు టౌవిన్ దగ్గర రైల్వే కట్టను తెంచాయి. సుమారు 2,800 ఇళ్లు, భవనాల్లోకి నీరు చేరింది. దాదాపు ఐదు వేల మందిని తరలించారు. పార్కులు మూసి ఉండే శీతాకాలం కాబట్టి సరిపోయింది. అదే ఉప్పెన ఆగస్టులో వచ్చి ఉంటే! ఇక బార్మత్‌కు ఎదురుగా నదీముఖానికి అవతల ఉన్న ఫెయిర్‌బోర్న్ గ్రామానిది మరో గతి. 1890ల్లో మెక్‌డూగల్ అనే పిండి వ్యాపారి విహారకేంద్రంగా మొదలుపెట్టిన ఊరది. పెరిగే సముద్రం నుంచి దాన్ని ఎప్పటికీ కాపాడలేమని, 2054 నాటికి ఖాళీ చేయించాల్సి రావచ్చని అధికారుల ప్రణాళిక. 2014లో ఈ సంగతి బయటకు పొక్కగానే ఇళ్ల ధరలు పడిపోయాయి, బ్యాంకులు అప్పులకు వెనకాడాయి. గ్రామస్థులు ఇప్పటికీ ఆ గడువును ఒప్పుకోవడం లేదు.

మునిగిన ఊళ్ల కథలు ఆ తీరానికి కొత్త కాదు. మన ద్వారకలాగే కార్డిగన్ బే అడుగున ఒక రాజ్యం ఉందని, తాగిన మత్తులో కాపలాదారు తూము మూయకపోవడంతో అది మునిగిందని వెల్ష్ వాళ్లు చెప్పుకుంటారు. బోర్త్ బీచ్‌లో పోటు తగ్గినప్పుడు బయటపడే దాదాపు 5 వేల ఏళ్ల నాటి చెట్ల మోళ్లు ఆ కథకు సాక్ష్యంలా నిలబడతాయి. వాన తెరిపిచ్చిన ప్రతిసారీ కారవాన్ల నుంచి పిల్లలు వాటి మీద ఎక్కి దూకడానికి పరుగెడతారు.

సీజన్ ముగిసే నాటికి పైపుల్లో నీళ్లు వదిలేసి, గ్యాస్ సిలిండర్ విప్పేసి, పరుపులు గోడకు ఆనించి, తాళం వేస్తారు. వచ్చే ఏడాది పిచ్ ఫీజు ఎంతో చెప్పే ఉత్తరం ఆ శీతాకాలంలో ఇంటికొస్తుంది.