బొచ్చు తక్కువ రాలే కుక్క కావాలంటే

అసలు బొచ్చు రాలని కుక్క ఉండదు. తక్కువ రాలేవి మాత్రం ఉన్నాయి. తేడా అంతా వెంట్రుక పెరిగే తీరులో ఉంది.

ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరుగుతుంది, ఆగుతుంది, ఊడిపోతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఎనాజెన్ (వెంట్రుక పెరిగే దశ) కొద్దికాలమే. పైగా వాటికి అండర్‌కోట్ (పైబొచ్చు కింద ఉండే మెత్తని దట్టమైన పొర) ఉంటుంది. రుతువు మారినప్పుడు అది కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. అందుకే పొట్టి బొచ్చున్న లాబ్రడార్ కూడా ఇల్లంతా వెంట్రుకలు చేస్తుంది.

పూడుల్, షిట్జు, మాల్టీస్, యార్క్‌షైర్ టెర్రియర్‌లలో పెరిగే దశ చాలా ఎక్కువకాలం సాగుతుంది. ఇది జన్యువుల్లోనే ఉంది. కుక్కల బొచ్చులో కనిపించే తేడాల్లో ఎక్కువ భాగానికి మూడు జన్యువులే కారణమని 2009లో శాస్త్రవేత్తలు చూపారు. వాటిలో ఆర్‌ఎస్‌పీఓ2 అనేది మీసాలు, గుబురు కనుబొమలు ఇస్తుంది. రాలడం తగ్గడానికీ దానికీ సంబంధం ఉందని ఆ తర్వాత తేలింది.

తక్కువ రాలే బొచ్చు పెరుగుతూనే ఉంటుంది. పూడుల్‌కు ఊడిన వెంట్రుక కూడా ఉంగరాల బొచ్చులోనే చిక్కుకుంటుంది. దువ్వకపోతే ఉండలు కడుతుంది. ఆ ఉండలు చర్మాన్ని లాగుతాయి, అడుగున తడి నిలిచి పుండ్లు పడతాయి. కాబట్టి దాదాపు రోజూ దువ్వాలి, నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి. ఇల్లు ఊడ్చే పని తగ్గినా, దువ్వే పని పెరుగుతుంది.

అలర్జీ ఉన్నవారు మరో విషయం గమనించాలి. అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, కుక్క లాలాజలంలోనూ చుండులోనూ ఉండే ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైనది క్యాన్ ఎఫ్ 1. నెదర్లాండ్స్‌లో 2012లో వెలువడిన అధ్యయనంలో, ‘అలర్జీ రాదు’ అని పేరుపడ్డ జాతుల బొచ్చులోనే ఇది మిగతా వాటికన్నా ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఆ మాట నమ్మి కొనకండి. ముందు అదే జాతి పెద్ద కుక్కతో నాలుగైదుసార్లు గడిపి చూడండి.

ఎండ సంగతీ ఆలోచించాలి. కుక్క ముఖ్యంగా రొప్పుతూనే ఒంటివేడి తగ్గించుకుంటుంది. షిట్జుకు మూతి పొట్టి కావడంతో అది కష్టం. మన వేసవిలో దానికి చల్లని గది తప్పనిసరి.

రోజూ దువ్వే ఓపిక, కత్తిరింపు ఖర్చు భరించే వీలు ఉంటే ఈ జాతులు తెచ్చుకోండి. లేదంటే దేశవాళీ కుక్కపిల్లను దత్తత తీసుకోండి. బొచ్చు కొంత రాలుతుంది కానీ, వారానికి రెండుమూడుసార్లు దువ్వితే చాలు.