చిన్ని చేతులతో పునరుత్థాన పండుగ

ఈస్టరు అనగానే పెద్దలకు తెల్లవారుజాము ఆరాధన, కొత్త బట్టలు, ఇంటికొచ్చే చుట్టాలు గుర్తుకొస్తారు. నాలుగేళ్ల పాపకు ప్రసంగం అర్థం కాదు. కానీ తన చేతులతో చేసినదాన్ని ఆ పాప మరచిపోదు. అందుకే ఈ పండుగకు చిన్న పిల్లలతో ఇంట్లో చేసుకోదగిన మూడు పనులు చెబుతున్నాం. వాటితోపాటు తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా చెబుతున్నాం. పండుగపూట ఎవరూ బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తకూడదన్నదే మా కోరిక.

మట్టలాదివారం నాడు: చిన్న తోట

వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి, చిన్న ముంతను పక్కకు పడుకోబెట్టండి. అదే సమాధి. చుట్టూ మెంతులు చల్లించి, రోజూ కాసిని నీళ్లు చిలకరించమనండి. ఈస్టరు నాటికి పచ్చని మొలకలు వస్తాయి. శుక్రవారం ముంత మూతికి రాయి అడ్డం పెట్టించండి. ఆదివారం ఉదయం ఆ రాయిని పిల్లలచేతనే తీయించండి. లోపల ఏమీ లేదని వాళ్లే చెబుతారు! రాయి పిల్లల నోట్లో పట్టనంత పెద్దదిగా ఉండాలి. పూసలు, గుండీలు, గుండ్రటి చిన్న బ్యాటరీలు దగ్గర ఉంచకండి. మట్టి ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగించండి.

తాతయ్యో అమ్మమ్మో ఆసుపత్రిలో ఉంటే ఈ మట్టి పళ్లెం వార్డుకు తేవద్దు. నీరసించిన రోగులకు మట్టిలోని క్రిములు హాని చేయవచ్చు. దానికి బదులు పిల్లల చేతిముద్రలు వేసిన కార్డు తెండి.

శనివారం: రంగు గుడ్లు

గ్రీసు దేశంలోని క్రైస్తవులు ఈస్టరుకు గుడ్లకు ఎర్ర రంగు వేస్తారు. అది క్రీస్తు రక్తానికి గుర్తు. ఆ రంగుకు ఉల్లి పొట్టు వాడే ఇళ్లు అక్కడ ఉన్నాయి. మనమూ ఉల్లి పొట్టు, పసుపు, బీట్‌రూట్ ముక్కలు విడివిడిగా మరిగించి, వడగట్టి, చల్లారనిచ్చి, ఒక్కోదానిలో చెంచా వెనిగర్ కలపవచ్చు. తెల్ల పెంకు గుడ్లకు రంగు బాగా పడుతుంది. గుడ్లను పెద్దలే గట్టిగా ఉడికించి, చల్లారాక పిల్లలకు ఇవ్వాలి. గోడలకు, చెక్కకు వేసే రంగులు వాడకండి.

మన ఎండలకు ఉడికిన గుడ్డు త్వరగా పాడవుతుంది. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి బయట ఉన్న గుడ్డును పారేయండి. ఫ్రిజ్‌లో పెడితే వారం లోపల తినాలి. దాచి వెతికించే ఆటకు వేరే గుడ్లు పెట్టుకోండి, వాటిని తినవద్దు.

పండుగ రొట్టె

రెండు కప్పుల మైదా, చెంచా ఈస్టు, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె తీసుకోండి. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా కలపండి. పిసకడం, ఉండలు చేయడం పిల్లల పని. పిండి రెట్టింపయ్యాక ఉండల మీద మైదా జారుతో సిలువ గుర్తు వేయించి, 180 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు కాల్చండి. ఓవెను లేకపోతే దగ్గరలోని బేకరీలో కాల్చి ఇమ్మని అడగండి.

పచ్చి పిండి రుచి చూడనివ్వకండి. పొయ్యి, ఓవెను దగ్గరకు పిల్లలను రానివ్వకండి. ఐదేళ్లలోపు వారికి జీడిపప్పు, వేరుశెనగ గింజలు అలాగే ఇవ్వకుండా పొడి చేసి ఇవ్వండి. ద్రాక్షపండ్లను నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించవద్దు.

ఒకవేళ ప్రమాదం జరిగితే

కాలిన చోట కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పడనివ్వండి. ఐసు, పేస్టు, పసుపు, ఇంకు పూయకండి. గొంతులో ఏదైనా అడ్డుపడినా బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, ఏడుపు, మాట రాకపోతే ముందుకు వంచి, రెండు రెక్కల మధ్య వీపుపై అరచేతి అడుగుభాగంతో 5 సార్లు గట్టిగా చరచండి. వెంటనే 108కు ఫోను చేయించండి. నోట్లోకి వేలు పెట్టి గుడ్డిగా వెతకవద్దు.

రొట్టె వంకరగా వచ్చినా, గుడ్డుకు రంగు సరిగా అంటకపోయినా మెచ్చుకోండి. రాయి తీసి చూసిన ఉదయం ఆ బిడ్డకు చాలాకాలం గుర్తుంటుంది. మా రోగులకు, సంఘ కుటుంబాలన్నిటికీ ఈస్టరు శుభాకాంక్షలు.