సోవియట్ రాజ్యమున బధిరుల భాష

శబ్దప్రయోగము లేకయే కనుసన్నలచేతను హస్తచలనములచేతనుఁ బెక్కర్థములు తెలియుచుండునని పతంజలి మహాభాష్యమున నంగీకరించెను. అట్టి సంజ్ఞలు భాష యనఁదగునా? ఈ ప్రశ్నము సోవియట్ రాజ్యమున శాస్త్రవాదముగా మాత్రమే నిలువక, బధిరుల బ్రతుకునకే సంబంధించిన దయ్యెను.

1926వ సంవత్సరమున నఖిల రష్యా బధిర సమాజము స్థాపిత మయ్యెను. దాని యాశ్రయమునఁ గర్మశాలలు, అక్షరాస్యతా తరగతులు, క్లబ్బులు వెలసినవి. అంతకుముందు దయాపాత్రులుగా నెన్నఁబడినవారు కార్మికులుగాఁ బరిగణింపఁబడిరి. ఒక్కచోటఁ గూడి పనిచేయుటచే వారి సంజ్ఞాభాషయుఁ బ్రబలెను. పాఠశాలలలో మాత్రము నోటిమాటయే ప్రధానము. మొదట నా పక్షమునే సమర్థించిన మనశ్శాస్త్రజ్ఞుఁడు విగోట్‌స్కీ 1930 ప్రాంతమున మనసు మార్చుకొని, బధిరుల విద్యలో సంజ్ఞలకును స్థానము గలదనెను.

1950వ సంవత్సరమున స్టాలిన్ భాషాశాస్త్రమునుగూర్చి వ్రాయుచు, సంజ్ఞాభాష భాషయే కాదని తీర్మానించెను. పనియు సంఘమును నొసఁగిన రాజ్యమే వారి పలుకును నిరాకరించినది! అయినను బధిరులు సంభాషణము మానలేదు. 1960 తరువాత మాస్కోలో వారి నాటకశాల వెలసెను. పిదప గలీనా జైత్సెవా యా సంజ్ఞలను బరిశోధించి, వానికి స్వకీయమైన వ్యాకరణము గలదని చూపెను. సోవియట్ రాజ్య మంతరించిన పిమ్మట, 2012లో రష్యా శాసనము దానిని భాషగా నంగీకరించెను.

లక్ష్యము ముందు, లక్షణము తరువాత. వ్యవహర్త లుండఁగా భాష లేదనుట లక్షణముచే లక్ష్యమును శాసించుటయే. అది వైయాకరణులకు సమ్మతము గాదు.