స్వార్థపదవిచారము

స్వార్థశబ్దము నేఁటి వ్యవహారమున నిందావాచకము. ఒకనిని స్వార్థపరుఁడన్నచో విన్నవారు మఱి విచారింపరు. కాని శబ్దమునందు దోషము లేదు. తన ప్రయోజనమని యింతియే దాని యర్థము. అది పాపమా, పుణ్యమా యని వ్యాకరణము చెప్పదు. క్రియాఫల మెవ్వరిదని మాత్రము తప్పక యడుగును.

స్వరితేత్తులకును ఞిత్తులకును క్రియాఫలము కర్తకుఁ జెందునపు డాత్మనేపదమును, పరునకుఁ జెందునపుడు పరస్మైపదమును వచ్చునని పాణిని మతము. స్వర్గము గోరిన యజమానుఁడు ‘యజతే’. వానికొఱకుఁ జేయు ఋత్విజుఁడు ‘యజతి’. తనకై వండుకొనువాఁడు ‘పచతే’, వంటవాఁడు ‘పచతి’. మన తెలుఁగునను ‘వండెను’, ‘వండుకొనెను’ అను భేద మిట్టిదే. వంటవానికిఁ గూలి లభించుచుండఁగా నాత్మనేపద మేల రాదని శిష్యు లడుగుదురు. కూలి పాకక్రియకుఁ బ్రధానఫలము కాదు. భోజనమే ఫలమని సమాధానము.

ఈ సూత్రమును పాకాలలో ముప్పదియేండ్లు పాఠము చెప్పితినే కాని నా జీవితమున కన్వయించుకొనలేదు. బంధువుల యప్పులకుఁ బూచీపడితిని. లేదనుట పాపమని తలఁచితిని. ఏఁబది దాఁటిన పిదప మా యమ్మాయి పైచదువునకు సొమ్ము కావలసివచ్చినపుడు పెట్టె వట్టిదయ్యెను. ‘నాన్నగారూ, మీరు కా దనలేనివారందఱును మనయింటికి బయటివారే’ అని యామె యొక్కమాట యనెను. నే నాలోచించితిని. నేను పరార్థమని చేసినదానికి మంచివాఁడను పొగడ్త నాకు ముట్టుచునే యుండెను. అది కూలి. ఫలము మఱియొకరిది, నష్టము మా యమ్మాయిది.

ఆ దినములలోనే అయిన్ రాండ్ రచనలు చదివితిని. 1905లో రష్యాలోఁ బుట్టి 1926లో అమెరికాకుఁ బోయిన యీ రచయిత్రి 1957లో ‘అట్లాస్ ష్రగ్డ్’ అను నవలను, 1964లో స్వార్థమును సద్గుణముగాఁ బ్రతిపాదించు వ్యాససంపుటమును వెలువరించెను. ఆమె మతమున స్వార్థమనఁగాఁ దోఁచినదెల్లఁ జేయుట కాదు. యుక్తిచే నిర్ణయించుకొన్న హితము. తన్నుఁ బరులకు బలియీయరాదు, పరులను దనకు బలిగొనరాదు; వర్తకులవలె నిచ్చి పుచ్చుకొనవలెను. మా ప్రాంతమున బెల్లము వండి యమ్మిన రైతును, దానిఁ గొన్న వర్తకుఁడును ఒకరి కొకరు ఋణపడరు. ఇరువురును లాభమునే కోరిరి, ఎవ్వరును జెడలేదు.

ఈ ప్రశ్న మా జిల్లాకుఁ గ్రొత్త కాదు. 1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసువారు ఉమ్మడి సహకార వ్యవసాయమునకై తీర్మానింపఁగా, రైతుభూమి రైతు చేతనే యుండవలెనని వాదించిన ఎన్. జి. రంగాగారు ఆ యేఁడే స్వతంత్రపక్షమున కధ్యక్షులైరి. అప్పటికి వారి వయస్సు 58 ఏండ్లు. 1962 ఉపయెన్నికలోఁ జిత్తూరునుండియే లోక్‌సభ కెన్నికైరి. వారు రాండ్ మతానుయాయులని నా యభిప్రాయము కాదు. పంటఫల మెవ్వరిదన్న ప్రశ్న మాత్ర మొక్కటే.

ఇఁక నొక యాక్షేపము. శిశువు, రోగి, వృద్ధుఁడు ఏమిచ్చి పుచ్చుకొందురు? ఇచట రాండ్ మతము నాకుఁ జాలినట్లు తోఁపదు. పాణిని యాత్మనేపదమును విధించి పరస్మైపదమును ద్రోసివేయలేదు. రెండును సాధువులే, ఒకదానిచోట నింకొకటి ప్రయోగించుటయే తప్పు.

కర్త స్వతంత్రుఁడని యాతఁడు లక్షించెను. బాల్యమున మనము స్వతంత్రులము కాము; పెద్దలు నేర్పిన ధర్మమునే పలుకుదుము. కావున నీ విచారము ప్రౌఢవయస్సునకే తగినది. నే నిపుడు పూచీపడను. అడిగిన బంధువునకు, ఇంటిఖర్చు పోఁగా మిగిలినదానిలో నీయఁగలిగినంత యిత్తును. తిరిగి రాదని యెఱిఁగియే యిత్తును. కొందఱు నాతో మాటలాడుట మానిరి. బీదవిద్యార్థికి వేతనము గొనక పాఠము చెప్పుట మాత్రము మానలేదు. ఆ పాఠమున నాకుఁ గలుగు నానందము కూలియో, ఫలమో యింకను నిర్ణయింపలేకున్నాను. మా యమ్మాయి మాత్రము చదువుకొనుచున్నది.