మీకు తెలుసా? మిర్రర్‌లెస్సా, జేబు కెమెరానా!

లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా పానాసోనిక్ జీ1 2008లో వచ్చింది. లోపలి అద్దం పోవడంతో కెమెరా చిన్నదైంది. లెన్సుల బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు!

ఒక అంగుళం రకం సెన్సర్ ఉన్న మేలైన జేబు కెమెరా‌తో పోలిస్తే, ఏపీఎస్-సీ సైజు మిర్రర్‌లెస్ సెన్సర్ వైశాల్యం దాదాపు 3 రెట్లు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌లో, మసక వెలుతురులో, అరుదైన పసుపు గొంతు పికిలిపిట్టను ఫొటోలో పట్టాలంటే ఆ పెద్ద సెన్సరూ కావాలి, పొడవాటి లెన్సూ కావాలి. సుమారు మూడడుగుల ఎత్తుండే పుంగనూరు ఆవుకైతే జేబు కెమెరా చాలు. మీరు కాస్త కిందికి కూర్చోవాలంతే. కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులా? ఏ కెమెరా అయినా దూరం నుంచే, ఫ్లాష్ లేకుండానే.

మిర్రర్‌లెస్ కొనేముందు లెన్సు ధర కూడా కలిపి లెక్క వేసుకోండి.