జాజ్ సంగీతంలో డబుల్ బాస్ స్థానం: జిమ్మీ బ్లాంటన్ కృషి

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో జాజ్ బృందాలకు డబుల్ బాస్ ప్రధానంగా ఆధారవాద్యం. మనిషి ఎత్తుండే ఈ నాలుగు తీగల వాద్యం మంద్రస్థాయిలో లయను నిలుపుతూ స్వరసమ్మేళనానికి పునాదిగా ఉండేది. బాణీని నడిపే బాధ్యత ట్రంపెట్, క్లారినెట్, సాక్సోఫోన్, పియానోలది. ఈ విభజనను మార్చినవారిలో అమెరికన్ వాద్యకారుడు జిమ్మీ బ్లాంటన్ (1918–1942) ముఖ్యుడు. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో అతడు పనిచేసింది సుమారు రెండేళ్లు మాత్రమే. అంత స్వల్పకాలంలో ఈ మార్పు ఎలా సాధ్యమైందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

నేపథ్యం

బ్లాంటన్ టెనెసీ రాష్ట్రంలోని చటనూగాలో జన్మించాడు. తల్లి పియానో వాద్యకారిణి. మొదట వయొలిన్ నేర్చి, కళాశాల రోజులలో డబుల్ బాస్ చేపట్టాడు. తరువాత సెయింట్ లూయిస్‌లో జీటర్-పిల్లర్స్ బృందంలోను, ఫేట్ మారబుల్ నడిపిన నదీనౌకల బృందంలోను వాయించాడు. 1939లో అదే నగరంలో అతని వాద్యాన్ని విన్న ఎల్లింగ్టన్ తన బృందంలో చేర్చుకున్నాడు.

వాద్యశైలి

నాటి బాస్ వాద్యకారులు సాధారణంగా తాళంలోని ప్రతి దెబ్బకు ఒక స్వరం చొప్పున మీటేవారు. బ్లాంటన్ ఆ నడకను విడువకుండానే, అవకాశం దొరికినచోట వేగవంతమైన స్వరపంక్తులతో సాక్సోఫోన్ వలె మనోధర్మాన్ని ప్రదర్శించాడు. వేళ్లతో మీటడమే కాక కమానుతోనూ బాణీని పలికించాడు.

1939, 1940లలో ఎల్లింగ్టన్ పియానో, బ్లాంటన్ బాస్ మాత్రమే ఉన్న యుగళ రికార్డులు వెలువడ్డాయి. ‘పిటర్ పాంథర్ పాటర్’ వాటిలో ఒకటి. డ్రమ్స్ లేని ఈ రికార్డులలో బాస్ పియానోకు తోడుగా కాక, జోడుగా నిలిచింది. 1940 మార్చిలో పూర్తి బృందంతో రికార్డు చేసిన ‘జాక్ ది బేర్’ ఆరంభంలో బృందం పలుకులకు బాస్ బదులిస్తుంది. ముగింపులోనూ దానికే ప్రాధాన్యం. అంటే ఎల్లింగ్టన్ ఆ వాద్యకారుని దృష్టిలో ఉంచుకొని తన రచననే మలచుకున్నాడు.

ముగింపు

క్షయవ్యాధి సోకడంతో బ్లాంటన్ 1941 చివరలో బృందాన్ని వీడాడు. 1942 జులై 30న, 23 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలో మరణించాడు. ఆ వ్యాధిపై పనిచేసిన తొలి సమర్థ ఔషధం స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది ఆ మరుసటి ఏడే.

వ్యక్తి ప్రతిభ, దానికి చోటిచ్చిన రచయిత, దానిని భద్రపరచిన గ్రామఫోన్ రికార్డు అనే మూడూ కలిసినందున అతని కృషి మరణంతో ఆగలేదు. ఆస్కార్ పెటిఫర్డ్, రే బ్రౌన్ వంటి తరువాతి వాద్యకారులు ఆ మార్గాన్ని విస్తరించారు. బ్లాంటన్ మరణించిన 30 ఏళ్లకు, 1972లో, ఎల్లింగ్టన్ అదే రే బ్రౌన్‌తో కలిసి అతని స్మృతికి ఒక యుగళ ఆల్బమ్‌ను రికార్డు చేశాడు.