బావగారి విటమిన్ సీసాలు

ఆక్లండ్ నుంచి గుంటూరు వెళ్ళినప్పుడల్లా మా బావగారికి విటమిన్ ఇ, బీటా కెరోటిన్ సీసాలు మోసుకెళ్ళడం ఎనిమిదేళ్ళుగా నా వంతు. ఆయన సిగరెట్లు మానరు. "నువ్వు తెచ్చిన బిళ్ళలు వేసుకుంటున్నానుగా, ఇంక కొలెస్టరాల్ నన్నేం చేస్తుందోయ్?" అంటారు. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. అయినా మోసేది నేనే కనక, ఈసారి కొనేముందు కాస్త చదివాను.

బావగారి లెక్క సగం దాకా సరైనదే. మనం చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ నిజానికి రక్తంలో కొవ్వును మోసుకెళ్ళే రేణువు. గాలి తగిలి నూనె పాడయినట్టే ఆ కొవ్వూ ఆక్సీకరణం వల్ల పాడవుతుంది. పాడయినదాన్ని రక్తనాళాల గోడల్లోని తెల్లకణాలు మింగి, ఉబ్బి, అక్కడే పేరుకుంటాయి. పూడిక అలా మొదలవుతుంది. సిగరెట్ పొగ దీన్ని తొందర చేస్తుంది. రేణువులో ఉండే విటమిన్ ఇ ఆ దెబ్బను తాను కాస్తుంది. దెబ్బతిన్న ఇ ని విటమిన్ సి బాగుచేస్తుంది. పొగతాగేవాళ్ళకి సి త్వరగా ఖర్చవుతుంది కాబట్టి అమెరికాలో వాళ్ళని రోజుకి 35 మిల్లీగ్రాములు అదనంగా తీసుకోమంటారు.

మరి బిళ్ళలు వేసుకుంటే సరిపోవాలి కదా? ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళకి కొన్నేళ్ళపాటు ఇచ్చి చూశారు. 1994లో ఫలితాలొచ్చాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో ఇలాంటి పరీక్షనే 1996లో మధ్యలో ఆపేశారు. 2002లో బ్రిటన్ వాళ్ళు 20,536 మంది మీద ఇ, సి, బీటా కెరోటిన్ మూడూ కలిపి ఇచ్చిన ఫలితాలు చెప్పారు. రక్తంలో విటమిన్లు పెరిగాయి, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. మా భాషలో, టెస్టింగ్‌లో పాసయిన కోడ్ ప్రొడక్షన్‌లో కూలింది.

ఆక్సీకరణం ఒక్క దారిన రాదు. మన తెల్లకణాలే క్రిముల్ని చంపడానికి బ్లీచ్ లాంటి ఆమ్లం తయారుచేస్తాయి. ఎల్‌డీఎల్‌ని అదీ పాడుచేస్తుంది, దాని ముందు విటమిన్ ఇ అంతగా నిలవదు. ఈ ఆమ్లం మీద దశాబ్దాలు పనిచేసింది మన క్రైస్ట్‌చర్చ్‌లోని క్రిస్టీన్ వింటర్‌బోర్న్. 2011లో రూథర్‌ఫర్డ్ మెడల్ అందుకున్న మొదటి మహిళ. పైగా పొగ రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిస్తుంది. వాటికి బిళ్ళలేం చేస్తాయి? మానేస్తే మాత్రం, పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు ఏడాదిలో సుమారు సగానికి పడిపోతుంది.

ఇదంతా ఫోన్లో చెప్పాను. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఎనిమిదేళ్ళు ఎందుకు తెచ్చావోయ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈ డిసెంబరులో సీసాలు తీసుకెళ్ళడం లేదు. అక్క ఆ సంగతి విని, "అగ్గిపెట్టెలు నేను దాచేస్తాలే" అంది.